బెదిరింపు వేళ మన బాధ్యత: వ్రాసి ఉంచడం, కలిసి నిలవడం

(మైనారిటీ హక్కుల కార్యకర్తల జిల్లా సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

 

రాజకీయ హింసకు, బెదిరింపులకు సమాజం ఎలా స్పందించాలి అన్న అంశాన్ని నిర్వాహకులు మాకు అప్పగించారు. మేము న్యాయవాదులం కాము, నాయకులం అంతకన్నా కాము. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగిరీ చేసి, పదవీ విరమణ తర్వాత మా బస్తీలోని నలుగురైదుగురు పెద్దలతో కలిసి ప్రజల పనుల మీద తిరుగుతున్న వారము. మాకు తెలిసినది అర్జీ, రిజిస్టరు, సంతకం. ఆ చిన్న విద్యకే ఇటువంటి సమయంలో ఎంత విలువ ఉన్నదో చెప్పడానికే ఇక్కడ నిలబడ్డాము.

బెదిరింపు కోరేదేమిటి?

ఒక మనిషిని కొట్టినవాడి గురి ఆ మనిషి ఒక్కడే కాదు. ఆ దెబ్బను చూసిన వందమంది, ఆ దృశ్యాన్ని ఫోనులో చూసిన లక్షమంది కూడా అతని గురియే. అందుకే కొట్టినవారే దాన్ని చిత్రీకరించి పంచుతున్నారు. రాజకీయ ప్రయోజనం కోసం చేసే హింసకు సాధారణ నేరానికి ఉన్న తేడా ఇదే. దొంగ తన పనిని దాచుకుంటాడు. వీరు చాటుకుంటారు.

ఆ చాటింపుతో వారు కోరేదేమిటి? మనము మూడు చోట్ల కనబడకుండా పోవాలి. బజారులో కనబడరాదు, పోలింగు కేంద్రంలో కనబడరాదు, పోలీసు స్టేషనులో ఫిర్యాదిగా కనబడరాదు. ఈ మూడు చోట్ల నుండి మనమే మానుకుంటే, వారు రెండవసారి చెయ్యెత్తవలసిన అవసరం కూడా ఉండదు.

దీనికి మన సమాజంలో రెండు రకాల స్పందనలు కనిపిస్తున్నాయి. పెద్దలు, "పోనీయండి, గొడవ ఎందుకు, అల్లాహ్ చూసుకుంటాడు" అంటారు. యువకులు, "మనమూ తడాఖా చూపించాలి" అంటారు. మొదటిది సహనమని, రెండవది పౌరుషమని అనుకుంటున్నాము. కానీ మొదటిది బెదిరించినవాడికి ధైర్యాన్నిస్తుంది, రెండవది అతనికి సాకునిస్తుంది. మూడవ దారి ఒకటి ఉన్నది. అది కష్టమైనది, నిదానమైనది, చప్పట్లు రానిది. దాని గురించే ఈ ప్రసంగం.

సంతలో జరిగినది

కొన్నేళ్ల క్రితం మా పట్టణానికి దగ్గరలోని ఒక వారపు సంతలో జరిగిన సంగతి చెబుతాము. ఊరి పేరు, మనుషుల పేర్లు చెప్పము, ఎందుకంటే అందరూ ఇంకా అక్కడే బ్రతుకుతున్నారు. ఒక ఊరేగింపు జరిగిన మరునాడు, కొందరు కుర్రవాళ్లు సంతలోకి వచ్చి మన సోదరులు ముగ్గురి బండ్ల దగ్గర నిలబడి, వచ్చే వారం నుండి మీవాళ్లు ఇక్కడికి రాకూడదని హెచ్చరించారు. ఒక అరటిపండ్ల బండిని తిరగవేశారు. దాన్నంతా ఫోనులో తీసుకున్నారు.

ఆ రాత్రి ఇషా నమాజు తర్వాత మసీదు వరండాలో కూర్చున్నాము. పెద్దలు ఒక మాట, యువకులు ఒక మాట. అరటిపండ్ల సోదరుడు ఒక మూల కూర్చుని ఏమీ అనలేదు. చివరకు అడిగితే, "భాయ్, కేసు వద్దు. రేపు ఎక్కడ అమ్ముకోవాలో చెప్పండి చాలు" అన్నాడు. అతనికి ముగ్గురు పిల్లలు. అతని మాటలో పిరికితనం లేదు. ఇంటి లెక్క ఉన్నది. ఆ లెక్కకు జవాబు చెప్పకుండా అతన్ని ఫిర్యాదు చేయమనడం మాకు తగదని ఆ రాత్రి గ్రహించాము. అందుకే మొదట చేసిన పని ఫిర్యాదు కాదు. ఆ ముగ్గురి ఇళ్లకు నాలుగు వారాల ఖర్చుకు సరిపడా సొమ్ము అక్కడికక్కడే పోగు చేశాము. ఆ తరువాతనే అర్జీ మాట ఎత్తాము.

మరి ఆ అర్జీ ఎలా వ్రాశాము? సిగ్గుపడుతూనే చెబుతాము. మొదటిసారి ఆవేశంతో వ్రాశాము. మా సమాజానికి రక్షణ లేదని, అరాచకం రాజ్యమేలుతున్నదని రెండు పేజీలు నింపి, నలభై మందితో సంతకాలు చేయించి తీసుకువెళ్లాము. అధికారి పైపైన చూసి, "చూస్తాము" అని పక్కన పెట్టారు. అంతే. తేదీ లేదు, సమయం లేదు, ఏ బండి దగ్గర ఏ మాట అన్నారో లేదు, ఏమి చేయమని కోరుతున్నామో లేదు. అటువంటి కాగితం ఏ కార్యాలయంలోనైనా "ఎల్.డిస్." అయిపోతుంది. అంటే చర్య అక్కరలేనిదని మూసివేసి, కొద్ది కాలానికి పారవేసే ఫైలులోకి చేరుతుంది.

రెండవసారి ఒక్క పేజీ వ్రాశాము. ఫలానా వారం, ఉదయం ఇన్ని గంటలకు, సంతలో ఫలానా చెట్టు పక్కన, వచ్చినవారు ఇంతమంది, అందులో గుర్తుపట్టగలిగినవారు వీరు, అన్న మాటలు ఇవి, జరిగిన నష్టం ఇంత, చూసినవారు వీరు, మా ప్రార్థన ఇది. ఆవేశం ఒక్క వాక్యం కూడా లేదు. కింద సంతకాలు నలభై కాదు, ఐదే. ముగ్గురు బండ్ల సోదరులవి. మిగిలిన రెండు పక్కన ఉల్లిగడ్డలు అమ్మే ఒక హిందూ సోదరుడిది, ఎదురుగా గాజుల కొట్టు పెట్టుకున్న ఒక అక్కయ్యది. ఉల్లిగడ్డల సోదరుణ్ణి, "నీకు ఇబ్బంది రాదా?" అని అడిగాము. "ఇరవై ఏళ్లుగా చిల్లర లేకపోతే ఒకరి గల్లాలో నుండి ఒకరం తీసుకుంటున్నాం. ఇప్పుడు చూడలేదని ఎలా చెప్పను?" అన్నాడు.

ఈసారి రసీదు దొరికింది. జైలు శిక్షలు పడలేదు. ఆ కుర్రవాళ్లలో కొందరిని తహసీల్దారు ఎదుట బైండోవర్ చేశారు. మూడు వారాల తర్వాత బండ్లు తిరిగి సంతకు వచ్చాయి. అయితే రెండే వచ్చాయి. మూడవ సోదరుడు తిరిగి రాలేదు, వేరే ఊరిలో అమ్ముకుంటున్నాడు. దీన్ని గెలుపు అని మేము చెప్పము. కానీ ఆ తర్వాత ఆ సంతలో అటువంటి హెచ్చరిక మళ్లీ వినబడలేదు. ఒక మాట అంటే అది కాగితం మీదికి ఎక్కుతుందని, ఆ కాగితం కింద ఉల్లిగడ్డల వ్యాపారి సంతకం కూడా ఉంటుందని వారికి తెలిసిపోయింది.

బల్లకు అవతలి వైపు

ఇక్కడ ఒక తప్పు ఒప్పుకోవలసి ఉన్నది. మేము ఉద్యోగంలో ఉన్న రోజులలో ఒక వృద్ధుడు వచ్చాడు. తన ఇల్లు ఖాళీ చేయమని కొందరు బెదిరిస్తున్నారని నోటితో చెప్పుకున్నాడు. చేతిలో కాగితం లేదు. "వ్రాసుకుని రేపు రండి" అన్నాము. మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. కొంతకాలానికి ఆ ఇల్లు చేతులు మారిందని తెలిసింది. ఒక తెల్లకాగితం తీసుకుని, అతను చెప్పింది మేమే వ్రాసి, వేలిముద్ర వేయించుకుని, ఇన్‌వార్డు నంబరు వేసి ఉంటే పది నిమిషాల పని. ఆనాడు ఆ బల్లకు ఇవతల కూర్చున్నది మేమే. అతను మన మతంవాడా కాదా అన్న ప్రశ్న కాదు. వ్రాయడం రానివాడి బాధ ప్రభుత్వ దృష్టిలో జరగనే లేదు. ఈ వయసులో మేము ఊరూరా తిరిగి అర్జీలు వ్రాసిపెడుతున్నామంటే, ఆ పది నిమిషాల బాకీ తీర్చుకోవడానికే.

పవిత్ర ఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన వాక్యం దేని గురించో మీకు తెలుసు. అది అల్ బఖరా సూరాలోని 282వ వాక్యం. అప్పు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు వ్రాసుకోవాలని, న్యాయంగా వ్రాయగల లేఖకుడు ఉండాలని, సాక్షులు ఉండాలని, పిలిచినప్పుడు సాక్షులు నిరాకరించరాదని అది ఆదేశిస్తున్నది. చిన్న మొత్తమైనా వ్రాయడానికి బద్ధకించవద్దని చెబుతున్నది. డబ్బు విషయంలోనే ఇంత జాగ్రత్త చెప్పిన ధర్మం, మనిషి ప్రాణం, మానం, జీవనోపాధి విషయంలో వ్రాయకుండా ఊరుకోమంటుందా?

చట్టం మన చేతికిచ్చినవి

చట్టం ఉన్నంత మాత్రాన న్యాయం జరగదని మాకూ తెలుసు. కానీ చట్టం ఏమి చెబుతున్నదో తెలియనివాణ్ణి స్టేషను గుమ్మంలోనే తిప్పి పంపడం తేలిక. కనుక కొన్ని ముఖ్యాంశాలు మనవి చేస్తాము. 2024 జూలై 1 నుండి పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత, పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులో ఉన్నాయి.

ఒకటి. వారంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరం గురించి సమాచారం ఇస్తే ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయడం తప్పనిసరి అని 2013 నవంబరులో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కొత్త సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం నేరం ఏ స్టేషను పరిధిలో జరిగినా ఏ స్టేషనులోనైనా సమాచారం ఇవ్వవచ్చు. దీన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటున్నారు. ఎలక్ట్రానిక్ మార్గంలో కూడా పంపవచ్చు, అయితే మూడు రోజులలోగా సంతకం చేయాలి. ప్రతిని ఉచితంగా ఇవ్వాలి. మూడేళ్ల నుండి ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలలో మాత్రం డీఎస్పీ అనుమతితో 14 రోజులలోగా ప్రాథమిక విచారణ జరిపే వీలు పోలీసులకు ఉన్నది.

రెండు. స్టేషనులో తీసుకోకపోతే అదే విషయాన్ని వ్రాతమూలకంగా పోస్టులో జిల్లా ఎస్పీకి పంపాలి. అక్కడా ఫలితం లేకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించాలి. ఆ పోస్టు రసీదే మీ తదుపరి మెట్టుకు ఆధారం. దాన్ని పారవేయకండి.

మూడు. కేవలం నోటి బెదిరింపును పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరంగా తీసుకోకపోవచ్చు. అప్పుడు కూడా 174వ సెక్షన్ ప్రకారం దాని సారాంశాన్ని స్టేషను పుస్తకంలో వ్రాసుకుని, ఫిర్యాదిని మేజిస్ట్రేటు వద్దకు పంపాలి. "కేసు కాదు" అన్నంత మాత్రాన వెనుదిరగకండి. ఆ నమోదు అడగండి. రేపు అదే మనిషి చేయి చేసుకుంటే, నిన్నటి నమోదు మీ మాటకు బలమవుతుంది.

నాలుగు. మూకదాడుల విషయంలో 2018 జూలై 17న తహసీన్ పూనావాలా కేసులో సుప్రీంకోర్టు స్పష్టమైన మార్గదర్శకాలిచ్చింది. ప్రతి జిల్లాలో ఎస్పీ హోదాకు తగ్గని నోడల్ అధికారి ఉండాలని, విచారణ వేగంగా జరగాలని, బాధితులకు పరిహార పథకం ఉండాలని చెప్పింది. మీ జిల్లాలో ఆ నోడల్ అధికారి ఎవరో ఈ సభలో ఎంతమందికి తెలుసు? చేతులెత్తమని అడగము, ఎందుకంటే కొంతకాలం క్రితం వరకు మాకూ తెలియదు. కొత్త న్యాయ సంహిత 103వ సెక్షన్ రెండవ భాగం, ఐదుగురు లేదా అంతకన్నా ఎక్కువమంది కూడి జాతి, కులం, సమాజం, భాష వంటి కారణాలతో హత్య చేస్తే అందులో ప్రతి ఒక్కరికీ మరణశిక్ష లేదా యావజ్జీవ శిక్ష అని చెబుతున్నది.

అయిదు. ద్వేష ప్రసంగాలపై ఫిర్యాదు కోసం ఎదురుచూడకుండా పోలీసులే కేసు నమోదు చేయాలని 2022 అక్టోబరులో మూడు రాష్ట్రాలకు ఇచ్చిన ఆదేశాన్ని సుప్రీంకోర్టు 2023 ఏప్రిల్ 28న అన్ని రాష్ట్రాలకు విస్తరించింది. ఆ మతం ఏదైనా సరే అని కూడా చెప్పింది. ఈ చివరి మాట మనకూ వర్తిస్తుంది. మన వేదికల మీద మాట్లాడేవారు నోరు జారితే అదే చట్టం మన తలుపు తడుతుంది, తట్టాలి కూడా.

ఎన్నికల వేళ బెదిరింపు ఇంకో రూపంలో వస్తుంది. మన పేర్లు ఓటరు జాబితాలో ఉండకుండా చేయడానికి ఫారం 7 ద్వారా అభ్యంతరాలు పెడతారు. తొలగించే ముందు ఆ ఓటరుకు నోటీసు ఇచ్చి విచారించవలసిన బాధ్యత నమోదు అధికారిపై ఉన్నది. నోటీసు వచ్చినప్పుడు కూలికి వెళ్లిన మనిషి ఇంట్లో ఉండడు. గడప దాటని తల్లికి అది ఏమిటో తెలియదు. బస్తీలో చదువుకున్న ఒక అమ్మాయి ముసాయిదా జాబితాను చేతపట్టుకుని ఇల్లిల్లూ తిరిగితే ఈ బెదిరింపులో సగం వీగిపోతుంది.

ఒక తల్లి చూపిన ఓర్పు

"ఇవన్నీ వ్రాసి ఏం లాభం, ఎన్నేళ్లు తిరగాలి?" అని అడిగేవారికి ఒక స్త్రీ కథ గుర్తు చేస్తాము. గుజరాత్‌లో 2002 మార్చిలో, ఐదు నెలల గర్భిణిగా ఉన్న బిల్కీస్ బానోపై సామూహిక అత్యాచారం జరిగింది. ఆమె కుటుంబ సభ్యులు 14 మందిని చంపారు. వారిలో ఆమె మూడేళ్ల కుమార్తె కూడా ఉన్నది. ఆమె స్టేషనుకు వెళ్లి చెప్పుకున్నది. కానీ అక్కడ తయారైన కాగితంలో ఆమె చెప్పిన పేర్లు లేవు, అత్యాచారం సంగతే లేదు. కేసును మూసివేశారు.

చదువు రాని స్త్రీ, తాను చెప్పినది ఒకటైతే కాగితం మీద ఎక్కినది మరొకటి. ఇటువంటి అన్యాయాన్ని దిద్దడానికి ఎన్ని మెట్లు ఎక్కవలసి వచ్చిందో చూడండి. జాతీయ మానవ హక్కుల సంఘం అండతో ఆమె సుప్రీంకోర్టుకు వెళ్లింది. దర్యాప్తు సీబీఐకి వెళ్లింది. 2004లో విచారణ ముంబైకి మారింది. 2008 జనవరిలో 11 మందికి యావజ్జీవ శిక్ష పడింది. 2017లో బొంబాయి హైకోర్టు ఆ శిక్షలను ఖాయం చేయడమే కాక, కింది కోర్టు విడిచిపెట్టిన పోలీసులను, వైద్యులను కూడా దోషులుగా నిర్ధారించింది. ఆ నేరాన్ని కప్పిపుచ్చిన కాగితాలకు కూడా జవాబు చెప్పించిన తీర్పు అది. 2022 ఆగస్టు 15న ఆ 11 మందిని ముందుగా విడుదల చేసినప్పుడు అంతా వృథా అయిందని మనమందరం కుమిలిపోయాము. 2024 జనవరి 8న సుప్రీంకోర్టు ఆ విడుదలను రద్దు చేసి, వారిని తిరిగి జైలుకు పంపింది.

ఆ విడుదలపై ఆమెకన్నా ముందే కోర్టుకు వెళ్లినవారిలో సుభాషిణి అలీ, రేవతి లౌల్, రూప్ రేఖా వర్మ వంటి స్త్రీలు ఉన్నారు. వారు తమ మతాన్ని చూసుకోలేదు, ఆమె మతాన్ని చూడలేదు. ఇది మన తరువాతి మాటకు దారి తీస్తుంది.

పొరుగువారు లేని రక్షణ లేదు

దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వ సల్లమ్) వారికి దైవదౌత్యం లభించకముందు మక్కాలో ఒక ఒప్పందం జరిగింది. యెమెన్ నుండి వచ్చిన ఒక వర్తకుడి సరుకు తీసుకుని మక్కా పెద్దమనిషి ఒకరు సొమ్ము ఇవ్వలేదు. పరాయి ఊరివాడు, అండ లేనివాడు. అప్పుడు కొన్ని తెగలవారు అబ్దుల్లా బిన్ జుద్ఆన్ ఇంట్లో సమావేశమై, అన్యాయానికి గురైనవాడు ఎవరైనా అతని పక్షాన నిలుస్తామని ప్రమాణం చేశారు. దాన్ని హిల్ఫుల్ ఫుజూల్ అంటారు. యువకుడైన ప్రవక్త అందులో పాల్గొన్నారు. తర్వాతి కాలంలో కూడా, అటువంటి ఒప్పందానికి మళ్లీ పిలిస్తే వెళ్తానని చెప్పారు. ఆ ఇంట్లో కూర్చున్నవారు ముస్లింలు కారన్నది గమనించవలసిన విషయం.

ఈ కాలంలో దానికి ఉదాహరణ మహారాష్ట్రలోని భివండి. మరమగ్గాల ఊరు. మన తెలుగువారికి కొత్త ఊరు కాదు. కరీంనగర్, నల్గొండ, వరంగల్ ప్రాంతాల నుండి పద్మశాలి కుటుంబాలు తరతరాలుగా అక్కడికి వలసపోయి, ముస్లిం కార్మికుల పక్కన మగ్గాలు నడుపుతున్నాయి. ఆ ఊరు 1970లోను, 1984లోను మతకలహాలతో తగలబడింది. 1970 కలహాలపై జస్టిస్ మాడన్ కమిషన్ విచారణ జరిపింది. 1988లో అక్కడికి డీసీపీగా వచ్చిన సురేశ్ ఖోపడే అనే అధికారి వీధివీధికి మొహల్లా కమిటీలు కట్టారు. దాదాపు 70 కమిటీలు. ఒక్కొక్క దానిలో హిందువులు, ముస్లింలు కలిసి కూర్చునేవారు. మాట్లాడుకున్నది మతం గురించి కాదు. మురుగుకాలువ, నీళ్ల పంపు, కుర్రవాళ్ల తగాదాలు, మైకు చప్పుడు. ఊరు చల్లగా ఉన్న రోజులలో కూడా కూర్చునేవారు. 1992 డిసెంబరు, 1993 జనవరిలో పక్కనే ఉన్న ముంబై మండిపోయింది. శ్రీకృష్ణ కమిషన్ లెక్క ప్రకారం 900 మంది మరణించారు, అందులో 575 మంది ముస్లింలు, 275 మంది హిందువులు. అంతకుముందు రెండుసార్లు తగలబడిన భివండి ఆ దినాలలో శాంతంగా ఉన్నది. ఆ తరువాత ముంబైలో కూడా మొహల్లా కమిటీల ఉద్యమం మొదలైంది.

కథ అక్కడితో ముగించడం నిజాయితీ కాదు. ఆ అల్లిక తర్వాతి సంవత్సరాలలో సడలింది. 2006 జూలైలో అదే భివండిలో శ్మశానం పక్క స్థలంలో పోలీసు స్టేషను నిర్మాణంపై ఆందోళన జరిగింది. పోలీసు కాల్పులలో ఇద్దరు చనిపోయారు. ఆ తర్వాత మూక ఇద్దరు పోలీసు కానిస్టేబుళ్లను చంపింది. కాల్పులను మనము ప్రశ్నిస్తాము. అదే నోటితో ఆ ఇద్దరు కానిస్టేబుళ్ల హత్య కూడా నేరమేనని చెప్పలేకపోతే, మూకదాడి గురించి మాట్లాడే హక్కు మనకు ఉండదు. ఒక జనంపై ఉన్న ద్వేషం మిమ్మల్ని అన్యాయానికి పురికొల్పరాదని అల్ మాయిదా సూరా మనకు బోధించినది ఇటువంటి గంట కోసమే.

భివండి చెప్పే పాఠం చిన్నది. కమిటీ గొడవ రోజున కట్టేది కాదు. గొడవ లేని రోజున కట్టి, గొడవ లేకపోయినా నెలనెలా కూర్చుంటేనే నిలుస్తుంది. కూర్చోవడం మానిన ఏడాదికే అది కాగితం మీది పేరుగా మిగులుతుంది.

యువకులతో ఒక మాట

ప్రియమైన బిడ్డలారా! మీ కోపం మాకు అర్థం కాదని అనుకోకండి. ఆత్మరక్షణ హక్కు లేదా అని మీరు అడుగుతారు. ఉన్నది. న్యాయ సంహిత 34 నుండి 44 వరకు గల సెక్షన్లు ఆ హక్కును గుర్తించాయి. ఇంటి మీదికి వచ్చినవాణ్ణి ఆపడానికి అవసరమైనంత బలం వాడవచ్చు. కానీ అవసరానికి మించి వాడరాదు, అధికారుల సహాయం పొందే వ్యవధి ఉన్నప్పుడు వాడరాదు. జరిగిపోయిన దానికి మర్నాడు వెళ్లి బదులు తీర్చుకోవడం ఆత్మరక్షణ కాదు. అది ఇంకో ఇంటి తల్లిని ఏడిపించడం, ఆ పైన మీ తల్లిని కోర్టు మెట్ల మీద కూర్చోబెట్టడం.

మీ చేతిలోని ఫోను రెండు వైపులా పదునైనది. దాడి దృశ్యాన్ని పదిమందికి పంపితే, బెదిరించినవాడి పని మీరే పూర్తి చేసినట్లు. దాన్ని ఎవరికీ పంపకుండా, అసలు ఫోనులోనే భద్రపరచి, తేదీ, సమయం ఒక కాగితం మీద వ్రాసుకుని న్యాయవాదికి ఇస్తే అది సాక్ష్యం. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి. చేతులు మారి వచ్చిన వీడియోకు ఆ పత్రం తేవడం కష్టం. ఇక వదంతి వచ్చినప్పుడు నిజానిజాలు తేల్చుకోనిదే అడుగు వేయవద్దని అల్ హుజురాత్ సూరా ఆదేశం ఉండనే ఉన్నది. సందేశాన్ని ముందుకు పంపే ముందు ఆ ఊరిలో తెలిసినవారికి ఒక ఫోను చేయండి. ఆ ఫోనుకు పట్టే రెండు నిమిషాలు ఒక వీధిని కాపాడగలవు.

తిరిగి వెళ్లాక చేయవలసినవి

తీర్మానాలు చేసి ఇంటికి వెళ్లడం మనకు అలవాటు. ఈసారి తీర్మానాలు వద్దు. ప్రతి మసీదు కమిటీ ఈ నెలలోపు చేయగలిగిన పనులు చెబుతాము.

గట్టి అట్టతో ఒక పుస్తకం కొనండి. పేజీలకు వరుస సంఖ్యలు వేయండి. చిన్న బెదిరింపు అయినా తేదీ, సమయం, స్థలం, మాటలు, చూసినవారి వివరాలతో అదే రోజు వ్రాయండి. విన్నది వేరుగా, చూసింది వేరుగా వ్రాయండి. మన కుర్రవాళ్ల తప్పు ఉంటే అదీ వ్రాయండి, లేకపోతే ఆ పుస్తకాన్ని ఎవరూ నమ్మరు.

ఫిర్యాదికి ఎప్పుడూ ఒంటరిగా స్టేషనుకు వెళ్లవలసిన స్థితి రానీయకండి. ఇద్దరు తోడు వెళ్లాలి, స్త్రీ అయితే మరొక స్త్రీ తోడు ఉండాలి. వ్రాసినది చదివి వినిపించనిదే సంతకం గాని, వేలిముద్ర గాని వేయవద్దు. బిల్కీస్ బానో అనుభవం మనకు నేర్పినది ఇదే.

అత్యవసరానికి 112, ఉచిత న్యాయ సహాయానికి 15100 అన్న రెండు సంఖ్యలను మసీదు గోడ మీద, ఇంటి తలుపు వెనుక వ్రాయండి. స్త్రీలకు, పిల్లలకు, హింసకు గురై దిక్కులేని స్థితిలో పడినవారికి 1987 నాటి న్యాయ సేవల చట్టం ఉచిత న్యాయ సహాయపు హక్కు ఇచ్చింది. అది దానం కాదు.

బాధిత కుటుంబానికి కనీసం నెల రోజుల తిండి ఖర్చు చూసే నిధి ఒకటి ఏర్పరచండి. ఆకలితో ఉన్న సాక్షి ఎంతకాలం నిలబడగలడు?

చివరిది, అన్నిటికన్నా కష్టమైనది. మీ వీధిలో, మీ సంతలో ఉన్న ఐదుగురు ముస్లిమేతర ఇరుగుపొరుగు పేర్లు వ్రాయండి. వారి ఇంట చావుకు, పెళ్లికి వెళ్లారా? దళిత వాడలో దాడి జరిగినప్పుడు మన కమిటీ అక్కడికి వెళ్లిందా? చర్చి మీద రాయి పడితే మన అర్జీ కదిలిందా? వారి కష్టంలో మన సంతకం లేనప్పుడు, మన కష్టంలో వారి సంతకం అడగడానికి మనకు మొహం ఎక్కడిది? ఆ ఉల్లిగడ్డల సోదరుడు మా అర్జీ మీద సంతకం చేసినది మేము ఆ రోజు అడిగినందుకు కాదు. ఇరవై ఏళ్ల చిల్లర అతని చేత చేయించింది.

సోదర సోదరీమణులారా! ఆ సంతకు రాని మూడవ బండి స్థలం ఇప్పటికీ మా కళ్లలో ఉన్నది. అతణ్ణి తిరిగి తీసుకురాలేకపోయాము. ఆ ఖాళీని చూసినప్పుడల్లా, మొదటి అర్జీని ఆవేశంతో కాక జాగ్రత్తగా వ్రాసి ఉంటే, పక్క బండ్లవారిని ముందే కలిసి ఉంటే ఏమయ్యేదో అని అనుకుంటాము. మీ సంతలో అటువంటి ఖాళీ రాకుండా చూసుకోండి. గొడవ లేని ఈ రోజుననే పుస్తకం కొనండి, ఈ రోజుననే పొరుగింటి తలుపు తట్టండి.

పరమ కృపాశీలుడైన అల్లాహ్ మన హృదయాలలో భయానికి బదులు వివేకాన్ని, కోపానికి బదులు న్యాయదృష్టిని నింపుగాక. దౌర్జన్యానికి గురైన ప్రతి ఒక్కరికీ, వారు ఏ మతంవారైనా, అండగా నిలిచే శక్తిని మనకు ప్రసాదించుగాక. ఆమీన్.